బెల్లం ముక్కకు ఎన్ని కిలోమీటర్లు?

ఇరవై గ్రాముల బెల్లం ముక్కంటే చిన్న నిమ్మకాయలో సగమంత ఉంటుంది. అందులో ఉండే శక్తి సుమారు 75 కిలోకేలరీలు. అరవై అయిదు కిలోల మనిషి ఆ ముక్క అరిగించుకుని, ఆ శక్తి మీదే సముద్రంలో ఈదితే మూడు వందల మీటర్లు పోగలడు. సైకిలెక్కితే మూడున్నర కిలోమీటర్లు లాగిస్తాడు. బూట్లు కట్టుకుని పరిగెడితే కిలోమీటరు దాటి మరో వంద మీటర్లు వెళ్తాడు. ముక్క అదే, ఒళ్లూ అదే. దూరాల్లో మాత్రం దాదాపు పన్నెండు రెట్ల తేడా. నీళ్లు, గాలి, నేల మన దగ్గర వసూలు చేసే సుంకాలు వేరువేరు కాబట్టి వచ్చిన తేడా ఇది.

ఈ మూడు సుంకాలూ ఒకే పూట కట్టించే ఆట ట్రయాథ్లాన్. ముందు ఈత, వెంటనే సైకిల్, ఆ వెంటనే పరుగు. మధ్యలో బట్టలు, బూట్లు మార్చుకునే సమయాన్ని కూడా గడియారం వదిలిపెట్టదు. ఇందులో చాలా కొలతలున్నాయి. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో అడుగుపెట్టిన రకంలో ఈత ఒకటిన్నర కిలోమీటర్లు, సైకిల్ 40, పరుగు 10. పెద్ద కొసన ఐరన్‌మ్యాన్ ఉంది: ఈత 3.8, సైకిల్ 180, ఆపైన పూర్తి మారథాన్. నడిమిది మధ్యదూరపు ట్రయాథ్లాన్: ఈత 1.9, సైకిల్ 90, పరుగు 21.1 కిలోమీటర్లు. మొత్తం 113. మైళ్లలో చెబితే 70.3, ఆ అంకెనే రేసుకు పేరుగా పెట్టేశారు.

ఆ పేరుతో మన దేశంలో మొదటి రేసు 2019 అక్టోబరు 20న గోవాలో, పణజి పక్కన మీరామార్ బీచ్ దగ్గర జరిగింది. మణిపూర్‌కు చెందిన సైనికుడు బిశ్వర్జీత్ సైఖోమ్ 4 గంటల 42 నిమిషాల్లో గెలిచాడు. ప్రపంచంలో మేటి మగవాళ్లు ఇదే దూరాన్ని నాలుగు గంటల లోపు ముగిస్తారు. నాలాంటి ఆదివారపు క్రీడాకారుల సంగతి వేరు. మనకు ఎనిమిదిన్నర గంటల గడువుంటుంది. 2024లో గోవా రేసులో దిగిన బెంగళూరు ఎంపీ తేజస్వి సూర్య 7 గంటల 49 నిమిషాలు తీసుకున్నాడు. ఉద్యోగం, పిల్లల చదువులు, పెళ్లి పేరంటాలు చూసుకుంటూ సాధన చేసేవాళ్లలో చాలామంది ఆరు నుంచి ఎనిమిది గంటల మధ్యే ముగిస్తారు. ఇది వినడానికి కేవలం ఆలస్యంలా ఉంటుంది. నిజానికి అదొక వేరే రేసు. గెలిచినవాడు స్నానం చేసి భోజనానికి కూర్చునే వేళకు మనం పరుగు మొదలుపెట్టబోతుంటాం. వాడికి దొరికిన చల్లని ఉదయం మనకు దొరకదు. వాడికంటే మూడు గంటలు ఎక్కువగా తినాలి, తాగాలి, చెమటోడ్చాలి. ఛాంపియన్ల పుస్తకాలు చదివి సాధన చేసేవాళ్లు ఈ సంగతి లెక్కలోకి తీసుకోరని నా అనుమానం.

మాది వడ్డాది వైపు. చోడవరం నుంచి నర్సీపట్నం వెళ్లే దారిలో ఉంటుంది. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు విశాఖ నుంచి అనకాపల్లి జిల్లాలోకి వెళ్లాం గానీ, పంట మాత్రం మారలేదు. చెరకు. చోడవరం పక్కనే గోవాడ సహకార చక్కెర ఫ్యాక్టరీ, ఇటు కిందికి దేశంలోనే పేరుమోసిన అనకాపల్లి బెల్లం మార్కెట్, అటు పైకి హల్వాకు పేరుపడ్డ మాడుగుల. అనకాపల్లిలో చెరకు మీద పరిశోధన కేంద్రం 1913లోనే పెట్టారు. ఇలాంటి చోట పుట్టి, ప్లాస్టిక్ పొట్లాల్లో విదేశీ ‘ఎనర్జీ జెల్’ కొనుక్కుని జేబులో వేసుకోవడమేమిటన్న ప్రశ్న నాకు మొదట్లోనే వచ్చింది. జవాబు కోసం వెతుకుతూ పోతే పేగుల దాకా వెళ్లాల్సి వచ్చింది.

ముందు జమాఖర్చులు చూద్దాం. మన అరవై అయిదు కిలోల మనిషి మధ్యరకం వేగంతో, ఆరున్నర గంటల్లో రేసు ముగిస్తాడనుకుందాం. ఈతకు సుమారు 450 కిలోకేలరీలు, సైకిల్‌కు 1,900, పరుగుకు 1,400. కలిపితే 3,750. అంటే మన లెక్కలో యాభై బెల్లం ముక్కలు, ఒక కిలో బెల్లం.

ఒంట్లో దాచుకున్నదెంత? కండరాల్లోనూ కాలేయంలోనూ గ్లైకోజెన్ రూపంలో ఉండే చక్కెర, బాగా తిని పడుకున్న మనిషిలో కూడా నాలుగైదు వందల గ్రాములకు మించదు. అది దాదాపు 1,800 కిలోకేలరీలు, సగం రేసుకు చాలదు. కొవ్వు మాత్రం ఎంతైనా ఉంది. బక్కపలచటి మనిషి ఒంట్లో కూడా ఇలాంటి రేసులు పదికి పైగా చేయడానికి సరిపడా కొవ్వుంటుంది. చిక్కల్లా అది నెమ్మదిగా కాలుతుంది. మామూలు సాధన చేసినవాడి ఒంట్లో నిమిషానికి అర గ్రాము కరగడమే గొప్ప. వేగం పెంచేకొద్దీ కండరం కొవ్వును పక్కనపెట్టి చక్కెర అడుగుతుంది. కాబట్టి మధ్యలో తినక తప్పదు. ఒళ్లు ఊగుతుండగా, గుండె నిమిషానికి నూట నలభై సార్లు కొట్టుకుంటుండగా తినాలి. ఈ రేసులో నాలుగో ఆట తిండి. చాలామంది ఓడిపోయేది అక్కడే.

ఇక నీళ్లలోకి. నీళ్లు గాలికంటే ఎనిమిది వందల రెట్లు చిక్కన. అందులో చేతితో వెనక్కి నెట్టినప్పుడు ఆ నెట్టుడులో చాలాభాగం నీళ్లను కదపడానికే పోతుంది. ఖర్చు పెట్టిన శక్తిలో పదో వంతు కూడా మనల్ని ముందుకు తీసుకెళ్లదు. పైగా వేగం రెట్టింపు చేయాలంటే ప్రతి నిమిషమూ ఎనిమిది రెట్ల శక్తి కావాలి. అందుకే ఈతలో బలవంతుడికంటే ఒద్దికగా పడుకున్నవాడు ముందుంటాడు. ఊపిరితిత్తుల్లో గాలి ఛాతీని తేలుస్తుంది, కాళ్లు మునుగుతాయి. మునిగిన కాళ్లు నీళ్లకు అడ్డంగా నిలబడతాయి. దారి చూసుకోవడానికి తల ఎత్తినప్పుడల్లా నడుము ఇంకా కిందికి దిగుతుంది. ఎత్తకపోతే మనిషి తిన్నగా ఈదలేడు, తెలియకుండానే ఓ పక్కకు వంగిపోతాడు. ఏట్లో నేర్చుకున్నవాళ్లకు సముద్రం ఒక ఉపకారం చేస్తుంది. ఉప్పునీళ్లు మంచినీళ్లకంటే రెండున్నర శాతం బరువు. మనిషి సాంద్రత సరిగ్గా ఆ అంచు మీదే ఉంటుంది కాబట్టి ఆ కాస్త తేడాకే ఒళ్లు పైకి తేలుతుంది. చల్లటి దేశాల వాళ్లు వేసుకునే రబ్బరు వెట్‌సూట్ కూడా ఇలాగే తేలుస్తుంది. మన తీరాల్లో నీళ్లు గోరువెచ్చన. 24.5 డిగ్రీలు దాటితే అది వేసుకున్నవాళ్లకు బహుమతులు ఉండవని ఐరన్‌మ్యాన్ నిబంధన. మనకు ఎలాగూ బహుమతి రాదు కాబట్టి ఆ బెంగ లేదు గానీ, ఆ వేడి నీళ్లలో రబ్బరు తొడుక్కుంటే ఉడికిపోతాం.

ఈత గురించి భయపెట్టని మాట ఒకటి, భయపెట్టే మాట ఒకటి చెప్పాలి. మొదటిది: సామర్లకోటకు చెందిన గోలి శ్యామల నడివయసులో ఈత పట్టారు. 2021లో పాక్ జలసంధి ఈదారు. 52 ఏళ్ల వయసులో, 2024 డిసెంబరు చివర్లో విశాఖలో దిగి, రోజుకు కొంత చొప్పున 150 కిలోమీటర్లు ఈది 2025 జనవరి 3న కాకినాడలో ఒడ్డెక్కారు. మన 1.9 కిలోమీటర్లు ఆవిడకు ఒళ్లు వేడెక్కడానికి కూడా చాలదు. రెండోది: అమెరికాలో 1985 నుంచి 2016 దాకా ట్రయాథ్లాన్‌లలో జరిగిన మరణాలు, గుండె ఆగిన ఘటనలు పోగుచేస్తే 135 తేలాయి. అందులో 90 ఈతలోనే. ఎక్కువమంది మగవాళ్లు. వందలమంది ఒకేసారి నీళ్లలో దిగి, చేతులూ కాళ్లూ తగులుతుంటే ఊపిరి పైపైన ఆడుతుంది, గుండె ఒక్కసారిగా ఎగురుతుంది. అంతకుముందు బయటపడని గుండె జబ్బు ఏదైనా ఉంటే అక్కడ బయటపడుతుంది. నలభై దాటినవాళ్లు రేసు ఫీజు కట్టేముందు గుండె డాక్టరు దగ్గరికి వెళ్లాలని నేను మొహమాటం లేకుండా చెబుతాను. అలాగే విశాఖ తీరంలో అలల కింద లోపలికి లాగే ప్రవాహాలుంటాయి. అక్కడ ఒంటరిగా సాధన చేయడం ధైర్యమని ఎవరన్నా నేను ఒప్పుకోను.

నీళ్లలోంచి లేచి నిలబడగానే తల తిరుగుతుంది. అప్పటిదాకా అడ్డంగా ఉన్న ఒంట్లో రక్తం ఒక్కసారిగా కాళ్లలోకి జారుతుంది కాబట్టి. ఇసుకలో పది అడుగులు వేస్తే సర్దుకుంటుంది.

సైకిల్ మీద శత్రువు గాలి. చదును రోడ్డు మీద గంటకు ముప్ఫై కిలోమీటర్ల వేగంలో పడే శ్రమలో చాలాభాగం గాలిని చీల్చడానికే పోతుంది. ఆ గాలికి అడ్డుపడేది కూడా సైకిల్ కాదు, మనం. అందుకే లక్షలు పోసి తేలిక చక్రాలు కొనేముందు మోచేతులు వంచి, వీపు వాల్చి కూర్చోవడం నేర్చుకుంటే ఆ లాభం ఉచితంగా వస్తుంది. గంటకు 28 కిలోమీటర్ల మీద వెళ్తున్నవాడు పది శాతం వేగం పెంచాలంటే ప్రతి నిమిషమూ పావు వంతుకు పైగా ఎక్కువ శక్తి పెట్టాలి. ఇంకొకడి వెనకాల నక్కితే ఈ సుంకం బాగా తగ్గుతుంది. ఆ సంగతి తెలిసే ముందువాడికి 12 మీటర్ల దూరం పాటించాలని, దాటాలనుకుంటే 25 సెకన్లలో దాటేయాలని నియమం పెట్టారు.

కొండెక్కేటప్పుడు లెక్క మారుతుంది. వడ్డాది నుంచి మాడుగుల వైపు మళ్లి పాడేరు ఘాట్ ఎక్కితే, సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తుకు చేరతాం. అక్కడ వేగం తక్కువ కాబట్టి గాలి పట్టించుకోదు, బరువే అంతా. సైకిల్‌తో కలిపి 75 కిలోల బరువును ఆ ఎత్తుకు మోయడానికి, కండరం తినే వృథా కూడా కలుపుకుంటే, దాదాపు 700 కిలోకేలరీలు పడుతుంది. గోవా రేసు దారిలోనూ ఎత్తుపల్లాలున్నాయి గానీ ఘాట్ ఎక్కి అలవాటైన కాళ్లకు అవి లెక్కలోకి రావు. మా వైపు నవంబరు నుంచి మరో ప్రమాదం: చెరకు సీజను. గడలు రెండు పక్కలా పొడుచుకొచ్చిన ట్రాక్టర్లు రోడ్ల మీద బారులు తీరతాయి. వాటి వెనకాల నక్కడానికి ఏ నియమమూ అడ్డుకాదు, బుద్ధి అడ్డుపడాలి.

అలాంటి ఓ పొద్దున దారిపక్క గానుగ దగ్గర ఆగాను. పొయ్యి మీద కళ్యాణ మండపాల్లో కూడా చూడనంత పెద్ద పెనం. అందులో రసం బుసబుసా మరుగుతోంది. ఒకతను కాస్త సున్నం కలిపి, పైకి తేలిన మడ్డిని పొడవాటి కర్ర గరిటెతో తీసి పారబోస్తున్నాడు. ఆకుపచ్చగా ఉన్న రసం ముందు తేనెరంగుకు, ఆపైన ఇటుకరంగుకు తిరిగింది. చెంచాడు పాకం చల్లటి నీళ్లలో వేసి, వేళ్లతో ఉండ చుట్టి చూశాడు. ఉండ గట్టిగా నిలబడింది. ‘‘ఏటి బాబూ, ఎండెక్కకుండా ఎక్కడికలా తొక్కుకుంటెల్తన్నావు? రసం తాగి ఎల్లు’’ అన్నాడు పెద్దాయన. రెండు గ్లాసులు తాగాను. పావుగంటలో కడుపు ఉబ్బింది, పక్కలో పోటు మొదలైంది.

ఆ పోటుకు కారణం ద్రవాభిసరణ. చెరకు రసంలో నూటికి పదిహేను పాళ్లు, ఒక్కోసారి అంతకు మించి చక్కెర ఉంటుంది. మన రక్తంకంటే చాలా చిక్కన. అది పేగులోకి దిగగానే ఒంట్లో నీళ్లు రక్తంలోంచి పేగులోకి వస్తాయి, చిక్కదనం సమమయ్యేదాకా. దాహం తీర్చుకోవడానికి తాగింది కాసేపు ఒంట్లో నీళ్లనే లాగేసుకుంటుందన్నమాట. ఇంట్లో కూర్చున్నవాడికి ఇది తెలియదు కూడా. వ్యాయామంలో రక్తమంతా కాళ్లకూ చర్మానికీ పరుగులు తీస్తుంది, పేగులకు వెళ్లేది చాలా తగ్గిపోతుంది. అప్పుడే కడుపు తిరగబడుతుంది. క్రీడాపానీయాల్లో చక్కెర నూటికి ఆరు నుంచి ఎనిమిది పాళ్ల దగ్గర ఆపడానికి కారణం ఇదే. శ్రీరామనవమి పానకం పలచగా కలిపితే సరిగ్గా ఆ కొలతకు వస్తుంది. లీటరు నీళ్లకు డెబ్బై, ఎనభై గ్రాముల బెల్లం, పావు చెంచా ఉప్పు. మిరియాలు మాత్రం రేసు రోజున వద్దు.

పలచన చేసినా గంటకు ఎంత చక్కెర లోపలికి వెళ్లగలదన్నదానికి హద్దుంది. పేగు గోడలో గ్లూకోజ్‌ను పట్టి లోపలికి పంపే ప్రొటీన్ ఒకటుంది, పేరు ఎస్‌జీఎల్‌టీ1. అది గంటకు సుమారు 60 గ్రాముల దగ్గర నిండిపోతుంది. ఆపైన ఎంత గ్లూకోజ్ మింగినా పేగులో నిలవుండి పులియడమే. చాలాకాలం అదే మనిషి హద్దు అనుకున్నారు. ఈ శతాబ్ది తొలి ఏళ్లలో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో ఆస్కర్ యూకెండ్రప్ బృందం సైకిల్ తొక్కేవాళ్లకు గ్లూకోజ్‌తో పాటు ఫ్రక్టోజ్ కూడా ఇచ్చి చూసింది. ఫ్రక్టోజ్‌కు దారి వేరు, గ్లూట్5 అనే మరో ప్రొటీన్. రెండు దారులూ ఒకేసారి తెరుచుకునేసరికి ఒంట్లో కాలే చక్కెర గంటకు 60 గ్రాముల నుంచి 90 దాకా, కొందరిలో ఇంకా పైకి పోయింది. ఇప్పుడు ఖరీదైన జెల్ పొట్లాల మీద కనిపించే గ్లూకోజ్–ఫ్రక్టోజ్ పాళ్ల వెనక ఉన్న పరిశోధన ఇదే.

చెరకులో ఉండే చక్కెర సుక్రోజ్. ఒక గ్లూకోజ్, ఒక ఫ్రక్టోజ్ చేతులు కలిపితే సుక్రోజ్. పేగు అంచున ఒక ఎంజైము దాన్ని విడదీసి ఎవరి దారిన వాళ్లను పంపిస్తుంది. బెల్లంలో ఎక్కువభాగం సుక్రోజే, మిగతాదాంట్లో కొంత ముందే విడిపోయిన గ్లూకోజ్, ఫ్రక్టోజ్. అంటే గానుగ దగ్గర పెద్దాయన వండేది, ప్రయోగశాల కనిపెట్టిన రెండు దారుల ఇంధనం. దీన్ని మన పూర్వీకుల విజ్ఞానమని చాటడం నాకిష్టం లేదు. వాళ్లు వండింది తీపి కోసం, నిలవ కోసం, అమ్మకం కోసం. పేగులో దారులు రెండున్నాయని తెలుసుకున్నది ప్రయోగాల వల్లే. అలాగని జెల్ కంపెనీలకు జోహార్లు కొట్టాల్సిన పనీ లేదు. బెల్లంతో ఇబ్బందులున్నాయి: ఎండకు జేబులో కరిగి అంటుకుంటుంది, నమలాలి, చీమలు పడతాయి. అందులో పొటాషియం బాగానే ఉంటుంది గానీ చెమటలో పోయేది ప్రధానంగా సోడియం. కాబట్టి ఉప్పు విడిగా వేసుకోవాల్సిందే. నేను సైకిల్ సీసాలో ఉప్పేసిన పలచటి పానకం, జేబులో జెల్ పొట్లాలు, రెండూ పెట్టుకుంటాను. పేగుకు కులగోత్రాలు పట్టవు.

ఇంకో మాట. పేగుకూ సాధన కావాలి. రోజుల తరబడి వ్యాయామంలో తినడం అలవాటు చేస్తే ఆ ప్రొటీన్ల సంఖ్య పెరుగుతుంది, కడుపు కూడా తొందరగా ఖాళీ అవుతుంది. ఖాళీ కడుపుతో సాధన చేసి, రేసు రోజున మాత్రం గంటకు తొంభై గ్రాములు మింగేవాడికి రోడ్డుపక్కన పొదలతో పని పడుతుంది.

కండరం మంచి యంత్రమేమీ కాదు. సైకిల్ మీద నూటికి ఇరవై, ఇరవై రెండు పాళ్లే పెడల్‌కు చేరతాయి, మిగతాదంతా వేడి. పెడల్ మీద 150 వాట్లు పెట్టేవాడి ఒంట్లో 500 వాట్లకు పైగా వేడి పుడుతుంది. దాన్ని వదిలించుకోవడానికి మనకున్న ముఖ్యమైన దారి చెమట. ఒక గ్రాము చెమట ఆవిరైతే 2.4 కిలోజౌళ్ల వేడి పోతుంది. లెక్క కడితే గంటకు దాదాపు 800 గ్రాములు ఆవిరి కావాలి. కారిపోవడం కాదు, ఆవిరి కావాలి. నేల మీద బొట్టుగా పడిన చెమట వల్ల ఒంటికి చల్లదనం లేదు, ఉప్పూ నీళ్లూ దండగ. సైకిల్ మీద ఉన్నంతసేపు ఎదురుగాలి చర్మాన్ని ఆరబెడుతూ ఉంటుంది కాబట్టి వేడి తెలియదు. దిగి పరుగు మొదలుపెట్టగానే ఆ గాలి మూడో వంతుకు పడిపోతుంది. వెనకగాలి వీస్తే అసలేమీ ఉండదు. వేడి మాత్రం అంతే పుడుతుంది. పైన మధ్యాహ్నపు సూర్యుడు, చుట్టూ సముద్రపు తేమ. రాజస్థాన్‌లో 38 డిగ్రీల పొడి ఎండకంటే మన తీరంలో 32 డిగ్రీల ఉక్క ఎందుకు చంపుతుందో ఇక్కడ తెలుస్తుంది. గాలిలో అప్పటికే నీళ్లు నిండి ఉంటే చెమట ఎక్కడికి పోతుంది?

చర్మానికి ఎక్కువ రక్తం పంపాలి, కాళ్లకూ పంపాలి, పైగా చెమటవల్ల రక్తంలో నీళ్లు తగ్గాయి. ఒక్కో కొట్టుకు గుండె పంపే రక్తం తగ్గుతుంది కాబట్టి కొట్టుళ్లు పెంచుతుంది. వేగం అదే ఉన్నా గుండె వేగం పది, ఇరవై ఎక్కుతుంది. గడియారం చూసి కంగారుపడేవాళ్లు ఇది బలహీనత అనుకుంటారు. అది గుండె చేస్తున్న సర్దుబాటు. 2016 సెప్టెంబరులో మెక్సికోలోని కొజుమెల్‌లో జరిగిన ట్రయాథ్లాన్‌లో, గెలుపు అందే దూరంలో జానీ బ్రౌన్లీ ఎండదెబ్బకు తూలిపోతే, అన్న అలిస్టర్ భుజం పట్టుకుని గీత దాటించిన దృశ్యం ప్రపంచమంతా చూసింది. ఒలింపిక్ పతకాలున్న శరీరమది.

అలాగని దొరికిన చోటల్లా నీళ్లు కడుపులో గుమ్మరించుకోవడం కూడా తప్పే. 2002 బోస్టన్ మారథాన్ ముగించిన 488 మంది రక్తం పరీక్షిస్తే నూటికి 13 మందిలో సోడియం ఉండాల్సినదానికంటే తక్కువుంది. అందులో ప్రధాన కారణం నీళ్లు ఎక్కువ తాగడం. నెమ్మదిగా పరిగెత్తేవాళ్లకే ఈ ముప్పు ఎక్కువ, తాగడానికి వాళ్లకే తీరిక ఉంటుంది. దాహానికి తాగాలి, ఉప్పుతో తాగాలి. ఎండకు అలవాటు పడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు చాలు. రక్తంలో నీటిపాలు పెరుగుతుంది, చెమట ముందుగానే పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. ఏసీ గదిలో పనిచేసి, తెల్లవారుజామున మాత్రమే సాధన చేసే నగరవాసికి ఈ అలవాటు పడదు. మే నెలలో చెరకు చేలో పనిచేసే కూలీకి అది ఎవరూ నేర్పకుండానే ఉంటుంది. అతన్ని ఎవరూ అథ్లెట్ అనరు.

పరుగు మొదటి రెండు కిలోమీటర్లలో కాళ్లు మనవి కావు. మూడు గంటలపాటు గుండ్రంగా తిరిగిన కండరాలకు నరాలు పంపే ఆదేశాల వరుస వేరు. పరుగుకు అది మారడానికి సమయం పడుతుంది, ఈలోగా శక్తి కూడా కొద్దిగా ఎక్కువ ఖర్చవుతుంది. వారానికోసారి సైకిల్ దిగి వెంటనే పరిగెత్తే సాధన చేయడం ఇందుకే. పరుగులో ఇంకో విచిత్రం: కిలో బరువుకు, కిలోమీటరుకు దాదాపు ఒక కిలోకేలరీ. ఇటలీ శరీరశాస్త్రవేత్త మార్గారియా బృందం 1963లోనే చూపించింది. వేగంగా పరిగెత్తినా నిదానంగా పరిగెత్తినా కిలోమీటరుకు పడే ఖర్చు అంతే. నెమ్మదిస్తే ఇంధనం ఆదా అవుతుందనుకోవడం భ్రమ. నెమ్మదిస్తే కలిసొచ్చేది వేడి తగ్గడం, కొవ్వు పాలు పెరగడం.

పన్నెండో కిలోమీటరు తర్వాత మాట్లాడేది మెదడు. అది చక్కెర మీదే బతుకుతుంది, కాలేయం ఖాళీ అవుతున్న సంగతి కాళ్లకంటే ముందు దానికి తెలుస్తుంది. 1982 ఫిబ్రవరిలో హవాయి ఐరన్‌మ్యాన్‌లో జూలీ మాస్ అనే విద్యార్థిని అందరికంటే ముందుండి, గీతకు కొద్ది దూరంలో కాళ్లు ముడుచుకుపోయి పడింది. లేచింది, మళ్లీ పడింది. కాథ్లీన్ మెకార్ట్నీ దాటి వెళ్లిపోయింది. మాస్ పాకుతూ 29 సెకన్ల తర్వాత గీతను చేత్తో తాకింది. ఆ దృశ్యం టీవీలో చూసే ఎందరో ఈ ఆటలోకి వచ్చారు. ఇది మనిషి స్వభావంలో నాకు ఇప్పటికీ అంతుపట్టని సంగతి.

మెదడు గురించి ఇంకో ప్రయోగం ఉంది. 2004లో యూకెండ్రప్, సహచరులు సైకిలిస్టులకు తీపిలేని చక్కెర ద్రావణం ఇచ్చి, నోట్లో పుక్కిలించి ఉమ్మేయమన్నారు. ఒక్క చుక్క మింగలేదు. అయినా గంటపాటు సాగిన పరీక్షలో వేగం మూడు శాతం దాకా పెరిగింది. నోట్లో చక్కెరను గుర్తించే గ్రాహకాలు మెదడుకు ‘సరుకు వస్తోంది’ అని కబురు పంపితే, అది బిగించిన చెయ్యి కాస్త సడలించినట్టుంది. రేసు చివర్లో కడుపు ఏదీ ఒప్పుకోనప్పుడు బుగ్గన చిన్న బెల్లం ముక్క పెట్టుకోవడం నేను ఇది చదివాకే మొదలుపెట్టాను. పనిచేసిందో, పనిచేస్తుందన్న నమ్మకం పనిచేసిందో విడదీసి చెప్పడానికి నా ఒక్కడి అనుభవం చాలదు.

గీత దాటాక తీపి పేరు చెబితే వాంతి వచ్చేలా ఉంటుంది. నాలుక ఉప్పు అడుగుతుంది, పులుపు అడుగుతుంది. గోవాలో నా రేసు ముగిశాక హోటల్ వాళ్లను బతిమాలి తెల్లన్నం, మజ్జిగ తెప్పించుకుని, ఇంటి నుంచి తెచ్చుకున్న ఆవకాయతో ముద్దలు మింగాను. ఖర్చయిన గ్లైకోజెన్ నాలుగు వందల గ్రాములనుకుంటే, వండిన అన్నంలో పిండిపదార్థం నూటికి ఇరవై ఎనిమిది పాళ్లు. అంటే కిలోన్నర అన్నం. ఒక పూటలో అయ్యే పని కాదు. ఖాళీ అయిన కండరం మళ్లీ నిండడానికి రోజంతా పడుతుంది, మొదటి కొద్ది గంటల్లో వేగంగా, ఆ తర్వాత నిదానంగా.

నొప్పులు మాత్రం రెండో రోజు పతాకస్థాయికి వస్తాయి. అప్పటికి ఊరు చేరాను. వడ్డాది కొండ మీద వేంకటేశ్వరస్వామి గుడికి అమ్మ మొక్కుకుంది కాబట్టి వెళ్లక తప్పలేదు. మెట్లెక్కడం పెద్ద కష్టం కాలేదు. దిగడం దగ్గరే అసలు బాధ. ఎక్కేటప్పుడు తొడ కండరం కుదించుకుంటూ పనిచేస్తుంది, దిగేటప్పుడు సాగుతూనే బరువును ఆపాల్సి వస్తుంది. ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగులో వేల అడుగుల పాటు ఆ రెండో పనిలోనే దాని పోగులు చిట్లాయి. గోడ పట్టుకుని, పక్కవాటుగా ఒక్కో మెట్టూ దిగుతుంటే, నాకంటే ముప్ఫై ఏళ్లు పెద్దావిడ చంకలో కొబ్బరికాయల సంచీతో పక్కనుంచి దిగిపోతూ ‘‘మోకాళ్ల నొప్పులా నాయనా?’’ అంది. కాదు, తొడలన్నాను.